పిల్లల చలికాలం, మన చలికాలం

నవంబర్ నెల పడగానే మా ఇంట్లో పెద్దవాళ్లకు దిగులు మొదలవుతుంది, పిల్లలకు హుషారు మొదలవుతుంది. నేనూ మా ఆయనా ఎండల్లో పుట్టి పెరిగినవాళ్లం. సాయంత్రం నాలుగింటికే చీకటి పడితే ఏమీ తోచదు. పిల్లలు ఈ చలిదేశంలోనే పుట్టారు కాబట్టి వాళ్లకు అందులో వింతేమీ లేదు. వీడియో కాల్‌లో మా అమ్మ కిటికీ వైపు చూసి, "అప్పుడే చీకటి పడిపోయిందేమిటే, పాపం పిల్లలు" అంటుంది. చిన్నది వెంటనే అందుకుంటుంది: "పాపం ఎందుకు అమ్మమ్మా? అందరూ ఇంట్లోనే ఉంటారుగా!"

దాని మాటే నిజమనిపిస్తుంది నాకు. మనం నాలుగు నెలల పాటు "ఈ పాడు చలి" అని సణుగుతూ ఉంటే, పిల్లల చెవికి అది వాళ్ల ఊరిని తిట్టినట్టే ఉంటుంది. మన బెంగ మనది. దాన్ని వాళ్లకు అంటించకుండా ఉండాలంటే ముందు ఇంట్లో వెలుతురు సంగతి చూసుకోవాలి.

మనవాళ్ల ఇళ్లలో తరచూ చూస్తుంటాను. పగలంతా బ్లైండ్స్ దించే ఉంటాయి, చీకటి పడగానే హాల్లో పైకప్పుకున్న తెల్లటి లైటు ఒక్కటే భగ్గున వెలుగుతుంది. నా పద్ధతి దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. తెల్లారగానే కర్టెన్లన్నీ తీసేస్తాను. మబ్బు పట్టిన రోజున కూడా బయట వెలుతురు వేల లక్స్‌లలో (లక్స్ అంటే వెలుతురును కొలిచే ప్రమాణం) ఉంటుంది. ఇంట్లో లైట్లన్నీ వేసినా కొన్ని వందలు దాటదు. కళ్లు సర్దుకుపోతాయి కాబట్టి ఆ తేడా మనకు తెలియదు గానీ, నిద్రనూ మెలకువనూ నడిపే ఒంటి గడియారానికి మాత్రం తెలుస్తుంది.

చలికాలపు ఎండ గురించి నాకు చెప్పింది మా పెద్దవాడు. ఉత్తరాన 50 డిగ్రీల అక్షాంశం దగ్గర డిసెంబర్ చివర్లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు సుమారు 17 డిగ్రీల ఎత్తు దాటడు. జూన్‌లో అయితే 63 దాకా వెళ్తాడు. సూర్యుడు అంత కిందుగా ఉండటం వల్లే దక్షిణం వైపు కిటికీలోంచి వచ్చే ఎండ గది అవతలి గోడ దాకా పాకుతుంది. వాడు సెలవు రోజుల్లో సరిగ్గా పన్నెండింటికి ఆ ఎండ అంచు వెంబడి గోడ మీద పెన్సిల్‌తో గీత గీసి, పక్కన తేదీ వేస్తాడు. గోడ పాడవుతుందని మా ఆయన గొణిగారు. నేను మాత్రం వాళ్ల చదువుకునే బల్లను ఆ ఎండలోకి జరిపించాను. ఆ లెక్కల్లోనే వాడు ఇంకో సంగతి పట్టుకొచ్చాడు. అతి చిన్న పగలు డిసెంబర్ 21, 22 ప్రాంతంలో వచ్చినా, అన్నిటికంటే తొందరగా పొద్దుగూకే రోజు అంతకు వారం పది రోజుల ముందే వెళ్లిపోతుంది. అంటే సాయంత్రాలు ముందే తేరుకుంటాయి, ఉదయాలే జనవరి మొదటి దాకా బద్ధకిస్తాయి. నాకు దీనితో భలే ఊరట కలిగింది.

సాయంత్రం మాత్రం పైకప్పు లైటు ఆపేస్తాను. సోఫా పక్కన, పుస్తకాల అల్మరా మీద, ఓ మూల నేల మీద చిన్న దీపాలు, అన్నీ 2,700 కెల్విన్ పసుపు వెలుగు బల్బులే. తెల్లటి లైటు వంటింటికి చాలు, పడుకోబోయే ముందు పిల్లలకు అది మంచిది కూడా కాదు, నిద్రను వెనక్కి నెడుతుంది. ఫొటోల్లో కనిపించే తెల్లటి ఉన్ని దుప్పట్లు, వరసగా వెలిగించిన కొవ్వొత్తులు పిల్లలున్న ఇంటికి పనికొచ్చేవి కావు. దుప్పటి రెండో రోజుకే మాసిపోతుంది, కొవ్వొత్తితో ఎప్పుడూ భయమే.

వేడి విషయంలో మా ఇంట్లో రోజూ గొడవే. మా ఆయన హీటర్‌ను 24 డిగ్రీల మీద పెడతారు, పెద్దవాడు టీషర్టుతో తిరుగుతూ 20కి దించుతాడు. నిజానికి గాలి వెచ్చగా ఉన్నా పక్కనే చల్లటి అద్దం ఉంటే ఒంటికి చలేస్తుంది. పొద్దుగూకగానే మందపాటి కర్టెన్లు వేయడం, గదిని వేడి చేసే రేడియేటర్‌కు అడ్డంగా ఉన్న సోఫా జరపడం, నేల మీద రగ్గు పరచడం, తలుపు కింద సందులో పాత టవల్ చుట్టి పెట్టడం, ఇవి చేశాక 21 దగ్గర రాజీ కుదిరింది. గాలి పొడిబారడం ఇంకో తలనొప్పి. 0 డిగ్రీల గాలి తేమతో పూర్తిగా నిండి ఉన్నా, ఇంట్లోకి వచ్చి 20 డిగ్రీలకు వేడెక్కేసరికి తేమ 30 శాతం లోపుకు పడిపోతుంది. పెదాలు పగలడం, ముక్కులోంచి రక్తం రావడం అందుకే. తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉంటే హాయిగా ఉంటుంది. అంతకంటే పెంచితే కిటికీ అద్దాల మీద నీరు పట్టి బూజు మొదలవుతుంది.

ఆ రగ్గు మీదే మా తెలుగు బతుకుతోంది. వేసవిలో పిల్లలు ఇంట్లో కనబడరు, బయట మాట్లాడేదంతా ఇంగ్లీషే. చలికాలపు సాయంత్రాలు పొడుగ్గా ఉంటాయి, ఎక్కడికీ పోయేది ఉండదు. ఒకరు కథ చదువుతారు, ఒకరు తప్పులు పడతారు, మధ్యలో నేను చిన్నప్పుడు చేసిన అల్లరి బయటికొస్తుంది. పుస్తకం ముందు పెట్టి "ఇప్పుడు తెలుగు క్లాసు" అంటే పారిపోయే పిల్లలే, అక్కడ మాత్రం అడిగి మరీ చెప్పించుకుంటారు.

చలిలో పిల్లల్ని బయటికి పంపొద్దని అమ్మ పోరు పెడుతుంది. నేను పంపుతాను, నేనూ వెళ్తాను. బయట చలి తగిలి వచ్చినవాళ్లకే ఇంటి వెచ్చదనం తెలుస్తుంది. గుమ్మం పక్కన పిల్లలకు అందే ఎత్తులో కోట్లు తగిలించే కొక్కేలు పెట్టించాక బయల్దేరేటప్పుడు అరుపులు సగం తగ్గాయి.

ఇంత చేసినా కొందరికి ప్రతి చలికాలం వారాల తరబడి మంచం దిగబుద్ధి కాదు, ఇష్టమైన పనులు కూడా చేయబుద్ధి కాదు. మనవాళ్లు దానికి బద్ధకం అని పేరు పెడతారు. 1984లో మానసిక వైద్యుడు నార్మన్ రోజెంతాల్, ఆయన సహచరులు దీన్ని ఋతువును బట్టి వచ్చే డిప్రెషన్‌గా వర్ణించారు. ఉదయం అరగంట పాటు 10,000 లక్స్ వెలుగునిచ్చే దీపపు పెట్టె (లైట్ బాక్స్) ముందు కూర్చోవడం దీనికి వాడే చికిత్సల్లో ఒకటి. అయితే కంటి జబ్బులు గానీ బైపోలార్ సమస్య గానీ ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడక్కుండా మొదలుపెట్టకూడదు. టీనేజ్ పిల్లల్లోనూ ఇది కనిపిస్తుంది. పొద్దున లేవని పిల్లాణ్ని తిట్టే ముందు, కిందటి చలికాలం కూడా ఇలాగే ఉన్నాడా అని ఒకసారి గుర్తు చేసుకుని, అలాగే ఉన్నాడనిపిస్తే ఆ మాట డాక్టర్‌కు చెప్పండి.