అట్టపెట్టె తుమ్మెదలు

టమాటా గ్రీన్‌హౌస్‌లో, బంబుల్‌బీ అనే బొచ్చు తుమ్మెదల పెట్టెలున్న వరసలోకి నీలం చొక్కా వేసుకుని రావొద్దని నాకు చెప్పింది సూపర్‌వైజర్ కాదు, పక్క వరసలో కాయలు కోస్తున్న మెక్సికో పెద్దాయన. ఆయనకు ఇంగ్లిష్ అంతంతమాత్రం, నాకు స్పానిష్ సున్నా. నా చొక్కా అంచు పట్టుకుని లాగి, గాల్లో వేలితో సున్నాలు చుట్టి, నోటితో జుమ్మని మోత చేసి, "అబెహోర్రో, అబెహోర్రో" అన్నాడు. వాళ్ళ భాషలో తేనెటీగ అబెహా, బంబుల్‌బీ అబెహోర్రో. నీలం రంగు కనిపిస్తే పువ్వనుకుని దగ్గరికొస్తాయట, సెంటు వాసన కూడా పడదట. మొదటి రోజు కదా అని నేను నీలం చొక్కా వేసుకోవడమే కాకుండా రూమ్మేట్ స్ప్రే సగం డబ్బా కొట్టుకుని మరీ వెళ్ళాను.

ఇది కెనడాలో లీమింగ్టన్. ఒంటారియో రాష్ట్రం అడుగున, ఈరీ సరస్సు ఒడ్డున చిన్న ఊరు. ఊరి మధ్యలో టమాటా ఆకారంలోనే కట్టిన సమాచార కేంద్రం ఉంటుంది, 1909లో వచ్చిన హైన్జ్ ఫ్యాక్టరీ 2014 దాకా ఇక్కడే కెచప్ చేసింది. ఇప్పుడైతే చుట్టూ ఎటు చూసినా గ్రీన్‌హౌస్‌లే. చలికాలం రాత్రి దగ్గర్లోని విండ్సర్ నగరం నుంచి వ్యాన్‌లో వస్తుంటే లోపలి లైట్లకు ఆకాశం గులాబీ రంగులో వెలుగుతూ కనిపిస్తుంది, కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు ఫోటోలు తీసి ఇంటికి పంపుతారు. నేనూ పంపాను.

మాది మదనపల్లె దగ్గర పల్లె. టమాటా రైతు కొడుకు అప్పు చేసి కెనడా పోయి టమాటా తోటలో కూలికి పోతున్నాడంటే ఊళ్ళో నవ్వుతారు కదా, నవ్వారు. చదువు అయ్యేదాకా విండ్సర్‌లో ఉండి వారానికి కొన్ని గంటలు, చదువు అయ్యాక పూర్తిగా ఇక్కడే. గంటకు 17 డాలర్ల చిల్లర, అందులో వ్యాన్ డబ్బులని, మమ్మల్ని పనికి పంపే ఏజెన్సీ వాడు రోజూ కొంత కోసేవాడు, రసీదు అడిగితే మర్నాడు వ్యాన్‌లో సీటు ఉండేది కాదు. ఆ సంగతి ఇక్కడితో వదిలేస్తా, దాని గురించి మొదలుపెడితే తుమ్మెదల దగ్గరికి రాలేం.

లోపల పని అంటే తీగను కిందికి దించడం, పక్క కొమ్మలు గిల్లడం, అడుగు ఆకులు తీసేయడం, కోత. వేర్లు మట్టిలో ఉండవు, కొబ్బరి పొట్టు నింపిన ప్లాస్టిక్ సంచుల్లో ఉంటాయి. వరసల మధ్య వేడినీళ్ళ గొట్టాలు, ఆ గొట్టాలే పట్టాలు, వాటి మీద మా బండ్లు. గంటకు ఎన్ని మొక్కలు చేశామో మెషీన్‌లో నమోదవుతుంది. ఇవన్నీ వారంలో అలవాటయ్యాయి. అలవాటు కానిది ఒక్కటే, వరస మొదట్లో స్టాండు మీద పెట్టిన అట్టపెట్టెలు, వాటిలోంచి గుండ్రంగా, బొచ్చుగా, నలుపూ పసుపూ కలిసి బయటికొచ్చే ఆ పురుగులు.

మొదట తేనెటీగలే అనుకున్నా. ఇక్కడ తేనె కూడా తీస్తారు కాబోలు, బాగా సంపాదిస్తున్నారే అనుకున్నా. తీరా చూస్తే టమాటా పువ్వులో తేనే ఉండదు. మా నాయన ముప్పై ఏళ్ళు టమాటా పెట్టాడు, ఆయనకూ ఈ మాట కొత్తే. పువ్వులో మకరందం లేదు కాబట్టి పెట్టె అడుగున పంచదార నీళ్ళ సంచి ఉంచి పంపుతారు, వాటి భోజనం వాటితోనే వస్తుంది. మాకు ఆ సౌకర్యం లేదు, మా డబ్బా మేమే తెచ్చుకోవాలి.

మరి వాటితో పనేంటి? టమాటా పువ్వు తలవంచుకుని ఉంటుంది కదా, మధ్యలో పసుపు పచ్చటి గొట్టం లాంటిది ఉంటుంది. పుప్పొడి ఆ గొట్టం లోపల ఉండిపోతుంది, చివర సన్నటి సందుల్లోంచి తప్ప బయటికి రాదు. ఊపితేనే రాలుతుంది, ఉప్పు డబ్బా ఊపినట్టు. బయట పొలంలో గాలి ఊపుతుంది, ఆ పువ్వు పుప్పొడి ఆ పువ్వుకే చాలు, అందుకే మా ఊళ్ళో ఎవరూ దీని గురించి ఆలోచించలేదు. గాజు గోడల మధ్య గాలెక్కడిది? బంబుల్‌బీ వచ్చి ఆ గొట్టాన్ని దవడలతో పట్టుకుని వేలాడి, రెక్కలు ముడిచి, ఎగరడానికి వాడే కండరాలనే రెక్కలు కదలకుండా వణికిస్తుంది. సెకనుకు సుమారు 300 సార్లు. పుప్పొడి దాని పొట్ట మీద జలజలా రాలుతుంది, కొంత పువ్వుకు అంటుతుంది, మిగతాది పిల్లలకు మోసుకెళ్తుంది. తేనెటీగకు ఈ వణుకు చేతకాదు. పూల మీద ఎంత తిరిగినా, ఎంత తేనె ఇచ్చినా, టమాటా దగ్గర అది చుట్టపుచూపే.

ఎగిరేటప్పటి మోత ఒకటి, పువ్వు పట్టుకున్నాక మోత ఇంకొకటి. పొద్దున ఆరున్నరకు హాలు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు వింటే తేడా తెలుస్తుంది. జుమ్మ్ అని లావుగా వచ్చి, పువ్వు మీద వాలగానే స్వరం ఒక్కసారిగా సన్నబడి పైకి పోతుంది. నేను ఇయర్‌ఫోన్ ఒక చెవిలోంచి తీసేసింది దానికోసమే. అది పట్టుకున్న చోట గొట్టం మీద గోధుమరంగు మచ్చ పడుతుంది, పంట చూసే ఆవిడ వచ్చి పువ్వులు తిప్పి ఆ మచ్చలు చూసుకుంటుంది. మచ్చ లేకపోతే పెట్టెలు చాల్లేదని, పువ్వంతా నల్లగా కమిలిపోతే పెట్టెలు ఎక్కువయ్యాయని అర్థం. మా గంటల లెక్క మెషీన్‌లో, వాటి లెక్క పువ్వు మీద.

ఇదంతా పాత పద్ధతేమీ కాదు. 1980ల దాకా గ్రీన్‌హౌస్‌లలో మనుషులే చేతిలో కరెంటు వైబ్రేటర్ పట్టుకుని, వారానికి రెండు మూడు సార్లు ప్రతి గుత్తినీ తాకుతూ తిరిగేవాళ్ళు. బెల్జియంలో రోలాండ్ డి యోంగె అనే పశువైద్యుడికి బంబుల్‌బీలు పెంచే సరదా ఉండేది, 1985లో టమాటాకు ఇవి ఎంత బాగా పనికొస్తాయో ఆయన గమనించాడు, 1987లో బయోబెస్ట్ అని కంపెనీ పెట్టాడు. కొన్నేళ్ళలోనే వైబ్రేటర్లు మూలపడ్డాయి. ఆస్ట్రేలియాలో మాత్రం మూలపడలేదు. ప్రధాన భూభాగంలోకి బంబుల్‌బీలను రానివ్వరు, అందుకని అక్కడ గ్లాస్‌హౌస్‌లో పనిచేసే మా చిన్నాయన కొడుకు ఇప్పటికీ చేత్తోనే పువ్వులు వణికిస్తాడు. వీడియో కాల్‌లో భుజం చూపించి, "అన్నా, నువ్వు చేసే పనిలో సగం ఈగలు చేస్తాయి, నేను ఈగ పని కూడా చేస్తాను" అన్నాడు. అదే మా దోసకాయల హాల్లో చేసే రూమ్మేట్‌కు ఈ గొడవే లేదు. గింజల్లేని పొడుగు దోసకాయకు పరాగంతో పనే లేదు, అక్కడ ఒక్క పెట్టె కూడా పెట్టరు.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. రెండో నెలలో ఒక రోజు కోత బండి తిప్పడానికి ఒక పెట్టె అడ్డం వచ్చింది. మంచి చేస్తున్నా అనుకుని, ఒకటి కుట్టినా సరేనని ధైర్యం చేసి, దాన్ని ఎత్తి మూడు వరసల అవతల పెట్టా. మధ్యాహ్నానికి పాత చోట, ఖాళీ స్టాండు చుట్టూ, ముప్పై నలభై తిరుగుతున్నాయి. వాటికి పెట్టె గుర్తుండదు, చోటు గుర్తుంటుంది. పొద్దున ఎక్కడినుంచి బయల్దేరాయో సరిగ్గా అక్కడికే వస్తాయి. మూడు వరసల అవతల వాటి ఇల్లు పంచదార నీళ్ళతో సహా ఉంది, ఇవి ఇక్కడ గాల్లో తడుముకుంటున్నాయి. కొన్ని స్టాండు మీద వాలి నడుస్తున్నాయి. సూపర్‌వైజర్ అరిచిన అరుపు హాలంతా వినపడింది, ఆ పెట్టె ఖరీదు నీ రెండు రోజుల జీతం అన్నాడు. పెద్దాయన ఏమీ అనలేదు, నాతో పాటు వచ్చి పెట్టె పట్టుకుని మళ్ళీ పాత చోట పెట్టించాడు. ఒక్కొక్కటే లోపలికి పోయాయి. ఆయన లీమింగ్టన్ రావడం అది పద్దెనిమిదో ఏడాది. ఎనిమిది నెలలు ఇక్కడ, నాలుగు నెలలు ఇంటి దగ్గర. ఆ రోజు సాయంత్రం వాళ్ళ బంక్‌హౌస్ (కూలీలు కలిసి ఉండే వసతి) నుంచి తెచ్చిన రొట్టెలో సగం నాకు పెట్టాడు.

ఆ తర్వాతే పెట్టెలు చూసుకునే పని నాకు అప్పజెప్పారు, శిక్షో నమ్మకమో తెలియదు. మందు కొట్టే రోజుకు ముందు సాయంత్రం వెళ్ళి తలుపు తిప్పాలి. రెండు రంధ్రాలుంటాయి, ఒకటి రాకపోకలకు, ఇంకోటి లోపలికి మాత్రమే. రాకపోకలది మూసేస్తే బయటున్నవి అన్నీ ఒక్కొక్కటే లోపలికి చేరతాయి, మళ్ళీ బయటికి రాలేవు. అప్పుడు పెట్టె తీసి పక్కన పెట్టొచ్చు. ఇంత తెలివైన తలుపు మా ఏజెన్సీ వ్యాన్‌కు కూడా లేదు. ఒక పెట్టె రెండు మూడు నెలలు పనిచేస్తుంది, తర్వాత కొత్తది వస్తుంది. మామూలుగా బయట బతికే బంబుల్‌బీలకు కూడా కాపురం ఒక్క ఏడాదే. చలి మొదలయ్యేసరికి పాత రాణి, కూలీలు, మగవి అన్నీ పోతాయి, కొత్త రాణులు మాత్రం మట్టిలో దూరి ఒంటరిగా చలికాలమంతా నిద్రపోయి వసంతంలో మళ్ళీ మొదటినుంచి మొదలుపెడతాయి.

మా పెట్టెల్లో ఉండేది బాంబస్ ఇంపేషెన్స్, ఇక్కడి మట్టిలో పుట్టిన జాతే. వీపు పసుపు, నడుం కింద మొదటి పట్టీ పసుపు, మిగతా అంతా నలుపు. తూర్పు కెనడా నుంచి ఫ్లోరిడా దాకా ఎక్కడైనా కనిపిస్తుంది, దీనికి ఢోకా లేదు. కానీ దీని చుట్టాల సంగతి చదివితే నాకు కొంచెం గిల్టీగా అనిపించింది. బాంబస్ అఫినిస్ అని ఒకటుంది, నడుం మీద తుప్పు రంగు మచ్చ ఉంటుంది. ఒకప్పుడు ఈ దక్షిణ ఒంటారియోలో మామూలుగా తిరిగిన పురుగు. కెనడాలో దాన్ని చివరిసారి చూసింది 2009లో, హ్యూరన్ సరస్సు ఒడ్డున పైనరీ పార్కులో, షీలా కొల్లా అనే శాస్త్రవేత్త. కారులో పోతూ రోడ్డు పక్కన పువ్వు మీద చూసిందట. 2012లో కెనడా, 2017లో అమెరికా దాన్ని అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జాతుల్లో చేర్చాయి.

గిల్టీ ఎందుకంటే, అదే కొల్లా, టొరంటో యూనివర్సిటీలో మరికొందరితో కలిసి 2006లో ఒక పరిశోధన ప్రచురించింది. గ్రీన్‌హౌస్‌ల దగ్గర్లో పట్టిన అడవి బంబుల్‌బీలలో ఒక రకం పేగు పరాన్నజీవి ఎక్కువగా కనపడింది, దూరం పోయేకొద్దీ తగ్గింది. పెంపకం పెట్టెల్లోని ఈగలు కప్పు కిటికీల్లోంచి బయటికి పోయి పువ్వుల మీద రోగం వదిలి వస్తాయి. తుప్పు మచ్చది పోవడానికి ఇదొక్కటే కారణమని ఎవరూ తేల్చలేదు, పురుగుమందులున్నాయి, పూలున్న బీళ్ళు పోవడముంది, ఎండలు ముదరడముంది. అయినా వేసవిలో కప్పు కిటికీలు తెరుచుకున్నప్పుడు ఒకటి పైకి పోతుంటే ఇదివరకటిలా ముచ్చటగా చూడలేకపోతున్నా. కిటికీలకు వల కడితే గాలి తగ్గుతుందనీ ఖర్చనీ అంటారు. నన్నడిగితే కట్టాలి. నన్నెవరూ అడగరు.

చిలీలో ఇంకా ఘోరం. అక్కడ బాంబస్ డాల్బోమీ అని ఎర్రటి బంబుల్‌బీ, ప్రపంచంలోకెల్లా పెద్దవాటిలో ఒకటి, పటగోనియా దాని ఇల్లు. 1998లో పంటల కోసం యూరప్ జాతిని తెప్పించుకున్నారు, అది కొండలు దాటి అర్జెంటీనాకు కూడా పాకింది, అది పోయిన చోటల్లా ఎర్రది మాయమవుతూ వచ్చింది. అమెరికాలో ఒరెగాన్, కాలిఫోర్నియా సరిహద్దులో ఫ్రాంక్లిన్ బంబుల్‌బీ అనేది ఉండేది. 2006లో రాబిన్ థార్ప్ అనే ప్రొఫెసర్ ఒకే ఒక్కదాన్ని చూశాడు. ఆ తర్వాత ఆయన ఏటేటా ఆ కొండలకు పోయి వెతికాడు, 2019లో చనిపోయాడు, అది మళ్ళీ కనపడలేదు.

పోయిన జూలైలో లాంగ్ వీకెండ్‌కు రూమ్మేట్లు బీచ్ అంటే నేను పైనరీ అన్నాను. అక్కడా బీచ్ ఉంది కాబట్టి ఒప్పుకున్నారు. వాళ్ళు నీళ్ళలో ఉంటే నేను పువ్వుల పొదల దగ్గర ఫోన్ పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్నా. "ఏం రా, సెలవు రోజు కూడా డ్యూటీనా" అని ఒకటే నవ్వు. తొమ్మిది ఫోటోలు తీసి బంబుల్‌బీ వాచ్ అనే సైట్‌లో పెట్టా. అక్కడ తెలిసినవాళ్ళు చూసి ఏ జాతో చెప్తారు. కొన్ని రోజులకు జవాబులు వచ్చాయి. ఏడు ఇంపేషెన్స్, మా పెట్టెల్లోవే. మిగతా రెండూ మసకగా ఉన్నాయన్నారు.

ఆ రాత్రి నాయనకు ఫోన్ చేసి ఇవన్నీ చెప్పాను. మన దేశంలో బంబుల్‌బీలు హిమాలయాల వైపే, దక్షిణాదిన అసలు లేవు, హిమాచల్‌లో నౌణి యూనివర్సిటీ వాళ్ళు పెంచి చూస్తున్నారు అని. ఆయన కాసేపు విని, "మన కొట్టంలో వాసాలు తొలిచేదేంది మరి, నల్లగా, ఇంతుంటాది?" అన్నాడు. అది మన తుమ్మెద నాయనా, కర్ర తొలిచే జాతి, దానికి కూడా ఈ వణుకు వచ్చు, వంకాయ పువ్వుకు అదే కావాల అన్నా.

"అట్లనా," అన్నాడు. "నిన్ననే ఆ బొక్కలో కిరసనాయిలు పోస్తినే."

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు.

"పోన్లే, ఇంకో వాసంలో ఇంకోటి ఉండాదిలే. దాని జోలికి పోనులే," అన్నాడు. తర్వాత ఎప్పట్లాగే, తిన్నావా అని అడిగాడు.