ఈరోజు బండి నేను నడిపాను

నేనూ మా ఆయనా ఇల్లు వదిలి కాపురముంటున్న ఈ మోటర్‌హోమ్ బండిలో, పొద్దున లేచేసరికి ముందు అద్దం లోపలి వైపు నీళ్లు కారుతున్నాయి. బయట చలి, లోపల రాత్రంతా ఇద్దరి ఊపిరి, దానికి తోడు నిన్న సాయంత్రం స్టవ్ చాలాసేపు వెలిగింది. స్టవ్‌లో ఒక కిలో ప్రొపేన్ గ్యాస్ కాలితే కిలోన్నరకు పైగా నీటి ఆవిరి పుడుతుంది. మామూలు ఇంట్లో అది ఎటో పోతుంది. ఇంత చిన్న చోట పోవడానికి దారి లేక అద్దాలకీ పరుపు అడుగుకీ పడుతుంది. అందుకే ఎంత చలిగా ఉన్నా పైకప్పు కిటికీ కాస్త తెరిచే పడుకుంటాం. ఆయన అద్దం తుడుస్తుంటే నేను పరుపు ఎత్తి గోడకి ఆనించాను. కింద గాలి ఆడకపోతే వారం తిరిగేలోపు బూజు వాసన మొదలవుతుంది.

ఈరోజు చోటు మారే రోజు. పనులు మార్చుకునే రోజు కూడా. స్టీరింగ్ నాకు, లోపల సర్దడం, ట్యాంకులు ఖాళీ చేయడం ఆయనకి. పోయిన చలికాలం ఆయనకి నడుం పట్టేసి మంచం దిగలేని స్థితి వచ్చినప్పుడు మొదలైంది ఈ ఏర్పాటు. అప్పటిదాకా నడపడం ఆయన పని, ఇల్లు నా పని అన్నట్టే సాగింది. ఆ రాత్రి డాక్టరు దగ్గరికి వెళ్లాలంటే బండిని కదిపే మనిషి లేడు. నాకు కారు వచ్చు గానీ ఇంత పొడవు బండి ఎప్పుడూ ముట్టుకోలేదు. పక్క బండిలో ఉండే పెద్దాయన తన కారులో తీసుకెళ్లాడు. నడుం తగ్గాక ఈయనే అన్నారు, "నేను లేకపోయినా నువ్వు దీన్ని నడపగలగాలి, నువ్వు లేకపోయినా నేను దీనిలో బతకగలగాలి" అని. ఆ మాటలో ప్రేమ ఉందని నాకు అప్పుడే తెలిసింది. దాని మీద ఇప్పటిదాకా ఏమీ రాయలేదు కాబట్టి ఈరోజు రాసుకుంటున్నాను.

బయలుదేరే ముందు బండి చుట్టూ తిరిగి చూడటం మాకు పూజలాంటిది. గ్యాస్ సిలిండర్ వాల్వ్ కట్టామా, పైకప్పు కిటికీలు మూశామా, మెట్టు లోపలికి లాగామా, కరెంటు వైరు పీకామా, అలమరాల గొళ్లేలు పడ్డాయా. ఒకళ్లు చూశాక రెండోవాళ్లు మళ్లీ చూస్తారు. "చూశానన్నాను కదా" అనే మాట మా ఇద్దరి మధ్య నిషిద్ధం. టైర్లలో గాలి కొలిచేటప్పుడు పక్కనున్న అంకెలు కూడా చూస్తాం. టైరు మీద చివర ఉండే నాలుగు అంకెల్లో మొదటి రెండూ తయారైన వారం, చివరి రెండూ సంవత్సరం. 2321 అంటే 2021లో 23వ వారం. ఇలాంటి బండ్ల టైర్లు అరిగి పాడవడం తక్కువ. ఎక్కువగా ఎండకి, వయసుకి గట్టిపడి పగులుతాయి. మందంగా కనిపిస్తున్నాయి కదా అని నమ్మడానికి లేదు.

ట్యాంకులు ఆయన చూసుకున్నారు. ముందు టాయిలెట్ ట్యాంకు వదిలి, తర్వాత సింకు, స్నానాల నీళ్లు వదలాలి. ఆ సబ్బు నీళ్లు పైపుని కాస్త కడిగేస్తాయి. మంచినీళ్ల ట్యాంకు మాత్రం సగమే నింపమన్నాను. లీటరు నీళ్లంటే కిలో బరువు. నూట యాభై లీటర్లు నింపితే ఇద్దరు పెద్దమనుషుల్ని అదనంగా ఎక్కించుకున్నట్టే. వెళ్లే చోట కుళాయి ఉందని తెలిసినప్పుడు ఆ బరువు కొండ మీదకి మోయడం దేనికి? కొత్త పుస్తకమైనా, చెప్పుల జతైనా లోపలికి వస్తే పాతది ఒకటి దిగిపోవాలని మేం పెట్టుకున్న నియమం కూడా ఈ బరువు వల్లే.

నడపడం గురించి రాయాలి. కారుకీ దీనికీ ఉన్న పెద్ద తేడా వెనక భాగం. వెనక చక్రాలు దాటి ఇంకా చాలా పొడవు ఉంటుంది. నేను కుడికి తిప్పితే ఆ తోక ఎడమకి ఊగుతుంది. పెట్రోలు బంకులో స్తంభానికి దగ్గరగా ఆగి, బయటికి వచ్చేటప్పుడు తొందరగా తిప్పితే తోక స్తంభానికి కొడుతుంది. కాబట్టి ముందు తిన్నగా వెళ్లాలి, తర్వాతే తిప్పాలి. బండి ఎత్తు కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి స్టీరింగ్ ఎదురుగా అంటించుకున్నాం. పైకప్పు మీది ఏసీతో కలిపి కొలిచిన ఎత్తు అది. వంతెన కింద బోర్డు కనబడ్డ క్షణంలో జ్ఞాపకం మీద ఆధారపడకూడదు.

దిగుడు రోడ్డు వచ్చినప్పుడు కొంచెం టెన్షన్ పడ్డాను. కొండ దిగడం మొదలుపెట్టక ముందే గేరు తగ్గించాను. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచితే బ్రేకులు వేడెక్కి పట్టు పోతుంది. ఇంజనే బండిని ఆపుకుంటూ దిగాలి. నా వెనక కార్లు వరుస కట్టాయి. ఇదివరకైతే వాళ్ల కోసం తొందరపడేదాన్ని. ఈసారి వెడల్పుగా ఉన్న చోట పక్కకి ఆపి, అందర్నీ పోనిచ్చి, మళ్లీ ఎక్కాను. ఆయన పక్క సీట్లో ఒక్క మాట అనలేదు. ముప్పై ఏళ్లు బండ్లు నడిపిన మనిషికి, పక్కన కూర్చుని నోరు మూసుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఆయన కుడికాలు మాత్రం లేని బ్రేకుని రెండుమూడు సార్లు తొక్కింది, నేను చూడనట్టే ఉన్నాను.

చోటు చేరాక వెనక్కి పెట్టడం. జంటలకి అసలు పరీక్ష ఇక్కడే అని నేను గట్టిగా నమ్ముతాను. వెనక నిలబడ్డ మనిషి "ఎడమకి" అంటే ఎవరి ఎడమ? అందుకే మేం "డ్రైవర్ వైపు", "తలుపు వైపు" అంటాం. ఆయన నాకు అద్దంలో కనబడినంతసేపే బండి కదులుతుంది, కనబడకపోతే వెంటనే ఆపేస్తాను. చెయ్యి పైకెత్తితే ఆగిపోవాలి, ఎందుకని అడగకూడదు. అరుపులు ఉండవు, ఇద్దరి ఫోన్లూ కలిపి మామూలు గొంతుతో మాట్లాడుకుంటాం. పక్కవాళ్లు కుర్చీలు వేసుకుని చూస్తున్నా నాకు చేతులు వణకలేదు.

తర్వాత బండిని సమం చేయడం. మా ఫ్రిజ్ గ్యాస్ మీద నడిచేది. అందులో చల్లబరిచే అమ్మోనియా తన బరువుతోనే కిందికి జారుతూ తిరగాలి, మోటారేమీ ఉండదు. బండి ఒక పక్కకి ఎక్కువ ఒరిగితే ఆ ప్రవాహం ఆగి ఫ్రిజ్ పాడవుతుంది. ఒక చక్రం కింద దిమ్మ పెట్టి, లెవెల్ బుడగ మధ్యకి వచ్చేదాకా ముందుకీ వెనక్కీ జరిపాను. చెట్టు నీడ కావాలని నాకుంది. కానీ పైకప్పు మీది సోలార్ పలకలకి ఎండ కావాలి. మూడు రోజులుగా మబ్బు, బ్యాటరీ నలభై శాతం దగ్గరికి దిగింది. ఎండలోనే పెట్టాం.

మధ్యాహ్నం ఎవరి మూల వాళ్లది. ఆయన ముందు సీటు తిప్పుకుని పుస్తకం చదువుకున్నారు, నేను మంచం మీద. రెండు గంటలు మాట్లాడుకోలేదు. ఇది అలక కాదు. ఇంత దగ్గరగా ఉన్నప్పుడు ఎదుటి మనిషి ఒంటరితనాన్ని కూడా కాపాడాలి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉన్నాయంటే తలుపు వేసి ఉన్నట్టు లెక్క. గదులున్న ఇంట్లో ఇన్నేళ్లు ఉన్నా ఈ మర్యాద మాకు అలవడలేదు.

వంట ఆయన వంతు. నేల దగ్గరున్న గ్యాస్ అలారం బటన్ నొక్కి మోగుతుందో లేదో చూశారు. ఎల్‌పీజీ గాలి కన్నా బరువు, లీకైతే నేల మీదే పరుచుకుంటుంది. అందుకే ఆ పెట్టెని కాళ్ల దగ్గర బిగిస్తారు. గ్యాస్ సరిగా కాలకపోతే పుట్టే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌ని పట్టే అలారం మాత్రం వేరేది, అది మంచం పక్కన మేం ఊపిరి పీల్చే ఎత్తులో ఉంది. దాన్ని నేను నొక్కాను. గిన్నెలు తక్కువ నీళ్లతో కడగడం ఆయనకి ఇంకా పూర్తిగా రాలేదు. ముందు కాగితంతో జిడ్డు తుడిచెయ్యాలని చూపించాను. ఆయన కొండ దిగుడులో ఊరుకున్నట్టే నేనూ చూపించి పక్కకి తప్పుకున్నాను.

సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. "ఇంకా ఎన్నాళ్లే ఈ తిరుగుడు?" అంది. ఆమె బెంగ నాకు అర్థమవుతుంది. ఫారాలు నింపేటప్పుడు శాశ్వత చిరునామా దగ్గర నా చెయ్యీ ఆగుతుంది. పక్కింటి పిల్లలు పెద్దవాళ్లవడం చూడటం, ఏళ్ల తరబడి ఒకే డాక్టరుకి చూపించుకోవడం, ఇవి పోగొట్టుకున్నాం, నిజమే. ఆ లోటు లేదని అమ్మకి అబద్ధం చెప్పలేను. "ఇద్దరిలో ఒక్కరికి వద్దనిపించినా ఆపేస్తాం అమ్మా" అన్నాను. మేం బయలుదేరే ముందు అనుకున్న మాట అదే. వద్దన్నవాళ్లు కారణం కూడా చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత ఈరోజు కొండ దిగిన సంగతి చెప్పాను. అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మొత్తం నువ్వేనా నడిపింది?" అని రెండుసార్లు అడిగింది.

రేపు కదలం. ఎండ కాసి బ్యాటరీ అరవై దాటితే వాషింగ్ మెషీన్ వేసుకోవచ్చు, లేకపోతే బట్టలు ఎల్లుండికి. వెనక చక్రం దగ్గర నట్లు మరోసారి బిగించాలి, అది నేనే చేస్తానని చెప్పాను. స్పానర్ ఏ పెట్టెలో ఉందో పొద్దున ఆయన్ని అడగాలి.