చలి సంగతి సరే, కాళ్ళ కింద చూసుకోండి

పోయిన జనవరి మొదటి వారంలో అక్కా బావా విశాఖ నుంచి నార్వేలోని మా ఊరు ట్రోమ్సో వచ్చారు. బయల్దేరే ముందు బావ ఫోన్లో రోజూ అడిగింది ఒకటే, "ఒరేయ్, మైనస్ 40లో ఊపిరాడుతుందా?" ఆయన ఎరిగిన చలల్లా లంబసింగిలో ఓ తెల్లవారుజామే. నేను హోటల్ రిసెప్షన్లో పని చేస్తాను కాబట్టి ఈ ప్రశ్న నాకు అలవాటే.

నార్వే పటంలో 69 డిగ్రీల అక్షాంశం చూసి జనం హడలిపోతారు గానీ, అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చటి ప్రవాహం పుణ్యమా అని ఇక్కడ సముద్రం గడ్డకట్టదు, జనవరి సగటు మైనస్ 3, 4 దగ్గరే ఉంటుంది. అసలైన చలి కావాలంటే సముద్రానికి దూరంగా లోపలికి పోవాలి. అలా లోపలున్న కరాస్యోక్ అనే ఊళ్ళో 1886లో మైనస్ 51.4 నమోదైంది మరి.

మా ఊళ్ళో అసలు గొడవ వాన. నిజమే, జనవరిలో వాన! మంచు మీద వాన పడి, రాత్రికి గడ్డకట్టి, తెల్లారేసరికి రోడ్డంతా అద్దంలా ఉంటుంది. 12 వేలు పోసి కొన్న బూట్లతో బావ మా మెట్ల ముందే వెల్లకిలా పడ్డాడు. అప్పుడే సంచి పట్టుకుని టకటకా పోతున్న 80 ఏళ్ళ ముసలమ్మ ఆగి, ఏమీ అనకుండా తన కాలు కాస్త పైకెత్తి బూటు కింద తొడుక్కున్న ఇనుప ముళ్ళు చూపించింది. ఆ సాయంత్రమే ఓ జత కొన్నాం.

బట్టల్లోనూ అంతే. కాటన్ బనీను మీద మూడు స్వెట్టర్లు వేస్తే గుట్ట ఎక్కేటప్పుడు చెమటకు బనీను తడిసి, ఆగగానే అదే వణికిస్తుంది. ఒంటికి ఆనుకుని పల్చటి ఉన్ని ఉండాలి. బస్సులో ఎక్కితే హీటర్ వేడికి ఎలాగూ అన్నీ విప్పాల్సిందే.

చీకటి? ఆ రోజుల్లో సూర్యుడు రాడు, కానీ మధ్యాహ్నం రెండు మూడు గంటలు వెలుగుంటుంది, మంచు అంతా నీలిమందు ఎక్కువైన పంచెలా కనిపిస్తుంది. అక్క కిటికీ దగ్గర్నుంచి కదిలితే ఒట్టు.

ఇక అరోరా, అదే ఇక్కడ రాత్రిళ్ళు ఆకాశంలో కదిలే రంగుల వెలుగు. "ఎన్ని గంటలకు వస్తుంది?" అని కౌంటర్ దగ్గర సెకండ్ షో టైమింగ్ అడిగినట్టు అడుగుతారు. మబ్బు పడితే ఆకాశంలో ఎంత జరిగినా కనపడదు. మాకు రెండు రాత్రులు మబ్బే, మూడో రాత్రి గంటన్నరకు పైగా వ్యాన్లో పోయి షిబోత్న్ లోయలో దిగితే ఆకాశం తేటగా ఉంది. బావ మొదట దాన్ని బూడిదరంగు మేఘం అనుకున్నాడు. మసక వెలుగులో మన కంటికి రంగు సరిగ్గా ఆనదు, ఫోన్ కెమెరాకే పచ్చగా పడుతుంది. నాలుగు ఫోటోలు తీశాడో లేదో చలికి బ్యాటరీ చచ్చింది, ఆ తర్వాత తెర కదిలినట్టు ఆకాశమంతా ఊగుతుంటే ఊరికే నోరు తెరుచుకుని చూశాడు.

పోతూ పోతూ స్వెట్టర్లు మూడూ నాకే వదిలేశాడు. ఇనుప ముళ్ళు మాత్రం భద్రంగా సూట్‌కేసులో పెట్టుకున్నాడు. విశాఖలో వాటితో ఏం చేస్తాడో నేనడగలేదు.