అండమాన్‌లో మొదటి రోజు

బరంపురం నుంచి పదకొండు మందిమి వచ్చాం. దిగీ దిగగానే, బ్రిటిష్ వాళ్లు స్వాతంత్ర్య సమరయోధుల్ని బంధించిన సెల్యులార్ జైలుకి వెళ్లాం. 1906లో పూర్తయిన ఆ జైలుకి అప్పట్లో ఏడు విభాగాలు, ఇప్పుడు మూడే మిగిలాయి. ఒక గదిలోకి వెళ్లి నిలబడ్డాను. పైనెక్కడో చిన్న కిటికీ. చుట్టూ సముద్రమే, లోపలికి చుక్క కూడా కనబడదు. పెద్దమ్మ గోడ మీద పెట్టిన చెయ్యి చాలాసేపు తీయలేదు. ఎవరికీ మాట రాలేదు.

డిసెంబర్ కదా, సాయంత్రం అయిదింటికే పొద్దు గుంకింది. గోపాల్‌పూర్ అలల్లో ఆడుకున్నవాళ్లం, సముద్రం మాకు కొత్త కాదు. అయినా ఈ నీళ్లు చూస్తే ప్రాణం లేచొచ్చింది. మోకాలి లోతులో కూడా కాలి వేళ్లు కనిపించాయి!

బొండాలమ్మే ఆయన మా మాటలు విని "ఏ ఊరండీ మీది?" అన్నాడు. వాళ్ల తాతది శ్రీకాకుళమట. పెద్దమ్మ వెంటనే సంచిలోంచి బరంపురం అప్పడాల ప్యాకెట్ తీసి ఆయన చేతిలో పెట్టేసింది.