పాపాఘ్ని దాటి మరియాపురానికి

ఈస్టరు తరువాత వచ్చే ఆదివారం దైవకరుణ పండుగ. ఆ రోజు కడప మరియాపురం కతోలిక గుడిలో బలిపూజకు, అంటే ఆదివారపు ఆరాధనకు, అందుకోవాలని శనివారం రాత్రి భోజనాలయ్యాక మా ఊరి నుంచి పదిమందిమి నడక మొదలుపెట్టాం. ఏప్రిల్ ఎండల్లో పగటి నడక మా వల్ల కాదు. కమలాపురానికి అవతల ఉంటుంది మా ఊరు, రాత్రంతా నడిస్తే తెల్లవారేసరికి కడప చేరవచ్చు. తక్కినవాళ్లకు తలా ఒక మొక్కుబడి ఉంది. నాకున్నది ఒక దొంగతనం. పదకొండేళ్లుగా ఎవరికీ చెప్పనిది.

అమ్మ ఆసుపత్రిలో ఉండగా ఒక రాత్రి నన్ను పిలిచి, చేతి గాజులు రెండూ తీసి నా అరచేతిలో పెట్టింది. "చెల్లెలికి ఇవ్వు నాయనా" అంది. వినడానికి మూడో మనిషి లేడు. మూడోనాడు అమ్మ పోయింది. ఆ వేసవిలోనే పొలంలో బోరు వేయించాను, నీళ్లు పడలేదు, గాజులు కుదువకు వెళ్లాయి. చెల్లెలు అడిగితే ఆసుపత్రి ఖర్చులకు అమ్మేశామన్నాను. నమ్మింది. రెండేళ్లకు విడిపించాను గానీ ఇవ్వలేకపోయాను, ఇస్తే అబద్ధం బయటపడుతుంది. అమ్మ పాత రవికగుడ్డలో చుట్టి బీరువా అడుగున పెట్టాను. ఒక గాజుకు చిన్న సొట్ట ఉంది, రోలు అంచుకు తగిలి పడిన సొట్ట. బీరువా తెరిచిన ప్రతిసారీ గుడ్డ మీది నుంచే నా వేలు దాన్ని వెతుక్కునేది.

ఈ పదకొండేళ్లూ ఈస్టరుకు ముందు తపస్సుకాలం వస్తే, ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్తూనే ఉన్నాను. కోపం, మాట తూలడం, పూజ మానడం అన్నీ చెప్పేవాణ్ణి. గాజుల దగ్గరికి వచ్చేసరికి నోరు పెగిలేది కాదు. పెద్ద పాపాన్ని తెలిసి దాచిపెడితే ఆ పాపసంకీర్తనం చెల్లదని చిన్నప్పుడే నేర్చుకున్నవాణ్ణి. అయినా పూజలో, క్రీస్తు శరీరమని మేం నమ్మే సత్ప్రసాదాన్ని నాలుక మీద తీసుకుని తల వంచుకుని వచ్చేవాణ్ణి.

కమలాపురం దాటగానే పాపాఘ్ని నది. 2021 నవంబరు వరదల్లో ఇక్కడి వంతెన కూలిపోయిన సంగతి మా ప్రాంతంలో ఎవరూ మరచిపోలేదు. పాపాన్ని చంపేది అని ఆ నది పేరుకు అర్థం. ఎన్నిసార్లు దాటానో లెక్కలేదు, ఆ రాత్రి మాత్రం ఆ పేరు గుండెకు తగిలింది. చంద్రుడింకా రాలేదు. చీకట్లో ఇసుక మాత్రం లీలగా తెల్లగా కనిపిస్తోంది.

జపమాల మీద ఐదు పదులు దైవకరుణ జపం చెప్పుకున్నాక మా ఊళ్లో ప్రార్థనలు నడిపించే ఉపదేశిగారు ఫాస్టీనా గురించి మొదలుపెట్టారు. పోలండు కన్యాస్త్రీల మఠంలో వంట చేసి, తోటపని చూసి, వాకిలి దగ్గర కాపలా ఉన్న సోదరి. 1931 ఫిబ్రవరి 22 రాత్రి ప్రభువు ఆమెకు కనిపించాడు. గుండె నుంచి రెండు కిరణాలు, ఒకటి ఎర్రనిది, ఒకటి తెల్లనిది. సిలువ మీద సైనికుడు ఈటెతో పొడిచినప్పుడు కారిన రక్తమూ నీరూ అవే. చూసినట్టే పటం గీయించమన్నాడు, కింద 'యేసూ, నీమీదే నా నమ్మకం' అని రాయించమన్నాడు. 1938లో ముప్పై మూడేళ్లకే ఆమె కన్నుమూసింది. 2000 ఏప్రిల్ 30న రెండో జాన్ పాల్ పోపుగారు ఆమెను పునీతురాలిగా ప్రకటించి, ఈ ఆదివారాన్ని కతోలిక తిరుసభ మొత్తానికీ పండుగ చేశారు.

వల్లూరు దగ్గర టీ తాగడానికి ఆగినప్పుడు ఆయన్ను పక్కకు పిలిచి అడిగాను. "యేసు చెప్పిన కథలో తప్పిపోయిన కొడుకు తిరిగొస్తే తండ్రి ఎదురు పరుగెత్తాడు కదా. తగలేసిన ఆస్తి తెచ్చిమ్మని అడగలేదు కదా?"

ఆయన నా ముఖంలోకి చూశారు. "లేదు. సువార్తలో ఆ కథ రాసిన లూకాయే జక్కయ్య కథ కూడా రాశాడు" అన్నారు. అంతకుమించి ఏమీ అనలేదు.

మిగిలిన దారంతా జక్కయ్యే. పన్నులు గుంజి కూడబెట్టినవాడు, చెట్టెక్కి కూర్చున్నాడు. 'ఈ రోజు నీ ఇంట్లో ఉంటాను' అని ముందు ప్రభువే అన్నాడు. సగం పేదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానని జక్కయ్య అన్నది ఆ తరువాత. నేను ఇన్నేళ్లూ దాన్ని తిరగేసి పట్టుకున్నాను. లెక్క సరిచేసుకుంటే తప్ప దేవుడు నా గడప తొక్కడనుకున్నాను. లెక్క సరిచేసే ధైర్యమేమో లేదు.

తెల్లవారుజామున మరియాపురం చేరాం. పాపసంకీర్తనానికి అప్పటికే వరుస ఉంది. నా వంతు వచ్చింది, మోకరించాను. జాలీ అవతల గురువుగారి మెడలోని ఊదారంగు వస్త్రం అంచు కనిపిస్తోంది. ఈసారి గాజులతోనే మొదలుపెట్టాను. చెల్లని పాపసంకీర్తనాలన్నీ చెప్పాను. మధ్యలో ఏడ్చాను, ఆయన ఆగారు.

"గాజులు ఎక్కడున్నాయి?"

"బీరువాలో ఉన్నాయి ఫాదర్."

"చెల్లెలికి చేర్చండి. అవి మీ క్షమాపణకు వెల కాదు. దేవుడు క్షమిస్తున్నాడు కాబట్టి మీకిప్పుడు ఇచ్చే బలం ఉంటుంది." యాభై ఒకటో కీర్తన చదువుకోమన్నారు. మనస్తాప జపం చెప్పాను. ఆయన చేయి పైకెత్తి పాపవిమోచనం పలికారు. బయటికొచ్చి మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను. కాళ్లకు బొబ్బలున్నాయని అప్పుడు తెలిసింది.

సోమవారం ప్రొద్దుటూరు బస్సెక్కాను. దారి పొడుగునా బంగారు అంగళ్లు, జేబులో రవికగుడ్డ మూట. చెల్లెలు బియ్యంలో రాళ్లు ఏరుతోంది. మూట చాట పక్కన పెట్టి, నిలబడే అంతా చెప్పాను, కూర్చోవడానికి మనసొప్పలేదు.

చెల్లెలు గాజులు తీసుకుంది. సొట్ట మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయింది. తిడుతుందనుకున్నాను.

"ఆ రాత్రి అమ్మ ఇంకా ఏమంది అన్నా?" అని అడిగింది.

చెల్లెలికి దక్కకుండా నేను చేసింది గాజులొక్కటే కాదని అప్పటిదాకా నాకు తట్టలేదు. చాట పక్కనే కింద కూర్చుని, అమ్మ నన్ను దగ్గరకు పిలిచిన దగ్గర నుంచి ఒక్కొక్క మాటా చెప్పడం మొదలుపెట్టాను.