కెమెరా సామానుతో విదేశాలకు: సీరియల్ నంబర్లు, బ్యాటరీలు, 60 హెర్ట్జ్ గోల

డాలస్‌లో ఓణీల ఫంక్షన్, న్యూజెర్సీలో పెళ్లి, సింగపూర్‌లో ప్రీవెడ్డింగ్. బెజవాడ, గుంటూరు స్టూడియోలకు ఇలాంటి పిలుపులు ఇప్పుడు కొత్తేమీ కాదు. ఏ లెన్సు పట్టుకెళ్లాలన్న చర్చ వారం రోజులు నడుస్తుంది. తీరా ఇబ్బంది వచ్చేది లెన్సుతో కాదు, కాగితంతోనూ బ్యాటరీతోనూ. అందుకే ఆ రెండింటి నుంచే మొదలుపెడదాం.

ముందు తిరిగొచ్చేటప్పటి సంగతి. మన దగ్గర కొన్న కెమెరానే వెనక్కి తెచ్చుకుంటున్నా, అది విదేశంలో కొన్నది కాదని చూపించాల్సింది మనమే. చూపించలేకపోతే ఉచిత పరిమితి దాటిన విలువ మీద సుంకం కట్టమంటారు. దీనికి మందు, వెళ్లేటప్పుడే కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోవడం. కెమెరా బాడీలు, లెన్సులు, గింబల్ (కెమెరా కుదపకుండా పట్టే పరికరం), డ్రోన్, ల్యాప్‌టాప్ అన్నిటికీ కంపెనీ, మోడల్, సీరియల్ నంబర్, విలువ రాసిన పట్టిక రెండు కాపీలు ముద్రించుకోండి. బిల్లులు జత చేయండి. లెన్సుల నంబరు మౌంట్ (కెమెరాకు బిగించే చోటు) పక్కన సన్నగా ఉంటుంది, కొన్ని కంపెనీలు స్టిక్కర్ మీద వేస్తాయి. అది అరిగిపోకముందే ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. అధికారి పట్టికను, వస్తువును పక్కపక్కన పెట్టి చూస్తారు. ఒక్క అంకె తేడా ఉన్నా ఆ వస్తువుకి ఆ కాగితం పనికిరాదు.

ఇక్కడే గన్నవరం నుంచి బయల్దేరేవాళ్లకు ఒక మెలిక ఉంది. ఢిల్లీ మీదుగా ఒకే టికెట్ మీద వెళ్తే చెకిన్ బ్యాగులు నేరుగా విదేశానికే వెళ్లిపోతాయి. సర్టిఫికెట్ ఇచ్చేది మీరు దేశం దాటే విమానాశ్రయంలో, అంటే ఢిల్లీలో. అక్కడ అధికారి వస్తువు చూపించమంటే మీ దగ్గర ఉండదు. కాబట్టి పట్టికలో ఉన్న ప్రతి వస్తువూ చేతి సంచిలోనే ఉండాలి. సామాను ఎక్కువైతే రోడ్డు మీద శంషాబాద్ వెళ్లడమే మేలు: విజయవాడ నుంచి 65వ జాతీయ రహదారి మీద పెద్దఅంబర్‌పేట, అక్కడ ఔటర్ ఎక్కడం, గుంటూరు నుంచైతే పిడుగురాళ్ల, మిర్యాలగూడ, నార్కట్‌పల్లి. చెకిన్‌లో బ్యాగులు ఇచ్చేయకముందే కస్టమ్స్ కౌంటర్‌కి వెళ్లాలి. దీనికోసం మామూలు కన్నా కనీసం గంట ముందు చేరుకోండి.

పెట్టెల కొద్దీ సామానుతో యాడ్ షూటింగో సినిమా షూటింగో అయితే ‘ఏటీఏ కార్నే’ అనే పత్రం కావాలి, సామానును సుంకం లేకుండా కొన్నాళ్లకు వేరే దేశంలోకి తీసుకెళ్లి వెనక్కి తెచ్చుకోవడానికి. మన దేశంలో దాన్ని ఇచ్చేది వాణిజ్య సంఘాల సమాఖ్య ఫిక్కీ. ఏడాది చెల్లుతుంది, డిపాజిట్ గానీ బ్యాంక్ గ్యారంటీ గానీ అడుగుతారు. ఇచ్చాక పట్టికలో కొత్త వస్తువు చేర్చడం కుదరదు. ప్రతి సరిహద్దులోనూ లోపలికి ఒక ముద్ర, బయటికి ఒక ముద్ర పడాలి. విమానానికి టైమ్ అయిపోతోందని బయటికి వచ్చేటప్పటి ముద్ర వదిలేశారనుకోండి, సామాను అక్కడే ఉండిపోయిందని ఆ దేశం సుంకం అడుగుతుంది. ఇద్దరు మనుషులు, రెండు బాడీల పెళ్లి టీముకి ఇంత తతంగం సాధారణంగా అక్కర్లేదని నా అభిప్రాయం.

అమెరికా వీసా మాట కూడా ఇక్కడే అనేస్తాను. స్టిల్ ఫొటోగ్రాఫర్లను బీ1 (బిజినెస్ విజిటర్ వీసా) మీద రానిస్తారు గానీ, అమెరికా నుంచి ఆదాయం పుచ్చుకోకూడదన్న షరతు ఉంది. వీడియో టీముకి ఆ వెసులుబాటు లేదు. టూరిస్ట్ వీసా మీద వెళ్లి డాలర్లలో అడ్వాన్స్ తీసుకున్న సంగతి వాట్సాప్‌లో పెట్టుకుంటే, ఇమిగ్రేషన్ వాళ్లు ఫోన్ తెరిచి చూడగలరని మరవకండి.

ఇక బ్యాటరీలు. విడి లిథియం బ్యాటరీ ఏదైనా చేతి సంచిలోనే, చెకిన్‌లో పెట్టకూడదు. లెక్క వాట్ అవర్లలో: వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణించాలి. సోనీ కెమెరా బ్యాటరీ ఎఫ్‌జెడ్ 100 అంటే 7.2 వోల్టులు, 2280 ఎంఏహెచ్ (2.28 ఆంపియర్ అవర్లు), అంటే 16.4 వాట్ అవర్లు. లైట్లకు వాడే ఎఫ్970 సుమారు 47.5. 100 లోపు అయితే అడిగేవాళ్లుండరు, అయితే చాలా ఎయిర్‌లైన్స్ మనిషికి 20 విడి బ్యాటరీలు మించనివ్వవు. 100 నుంచి 160 మధ్య అయితే ముందే అనుమతి తీసుకోవాలి, అదీ రెండే. 160 దాటితే ప్రయాణికుల విమానంలోకి రాదు. వీడియో కెమెరాలకు, లైట్లకు వాడే పెద్ద వీ మౌంట్ బ్యాటరీలు 98, 99 దగ్గర ఆగిపోయేది ఈ గీత వల్లే. కొత్తగా కొనేవాళ్లు 150 ఒకటి బదులు 99వి రెండు తీసుకోండి.

ఎక్కువసార్లు పారేసి రావాల్సి వచ్చేది పెద్ద బ్యాటరీలు కాదు, లేబుల్ చెరిగిపోయిన చవక బ్యాటరీలు. అంకె కనిపించకపోతే సెక్యూరిటీ వాళ్లు లెక్క కట్టరు, పక్కన పెట్టేస్తారు. బ్యాటరీల లోహపు కొసలకు ఇన్సులేషన్ టేప్ వేయండి, లేదా ఒక్కోదాన్ని ఒక్కో ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. తాళం చెవో చిల్లరో తగిలి షార్ట్ అయితే నిప్పే. పవర్ బ్యాంక్ సంగతికొస్తే, ఎమిరేట్స్ 2025 అక్టోబర్ 1 నుంచి మనిషికి ఒక్కటే అనుమతిస్తోంది, విమానంలో వాడనివ్వదు. సింగపూర్ ఎయిర్‌లైన్స్‌లోనూ వాడకూడదు.

గన్నవరం నుంచి హైదరాబాద్, చెన్నైలకు వెళ్లే చిన్న ఏటీఆర్ విమానాల్లో తలపై అరలు ఇరుకు. పెద్ద రోలర్ బ్యాగ్ మెట్ల దగ్గరే తీసుకుని విమానం సామాను గదిలో వేసేస్తారు. అప్పుడు బ్యాటరీలు బయటికి తీయాలి. అందుకని అవన్నీ ఒకే చిన్న పౌచ్‌లో, పైనే ఉంచండి.

బరువు కూడా ముందే వేసుకోవాలి. సోనీ ఏ7 ఫోర్ బాడీలు రెండు 1.3 కిలోలు, 24-70 ఎఫ్2.8 లెన్సు రెండో తరానిది 0.7, 70-200ది 1.05. ఆరు బ్యాటరీలు అర కిలో. సంచి ఖాళీగానే రెండు కిలోలు తూగితే, 14 అంగుళాల ల్యాప్‌టాప్ పెట్టగానే 7 దాటిపోయింది. చాలా ఎయిర్‌లైన్స్ ఎకానమీలో ఇచ్చేది ఆ 7 కిలోలే. అందుకే కిలోన్నర లోపు సంచి చూసుకోండి. ట్రైపాడ్, స్టాండ్లు, అలెన్ కీలు చెకిన్‌లో.

డ్రోన్ గురించి ఒక్క మాట: మొరాకో, ఈజిప్ట్ వెళ్తుంటే ఇంట్లో వదిలేయండి, అనుమతి లేకపోతే విమానాశ్రయంలోనే లాక్కుంటారు. మన దేశంలోకి విదేశీ డ్రోన్ల దిగుమతి 2022 ఫిబ్రవరి నుంచి నిషేధం కాబట్టి, తీసుకెళ్లిన డ్రోన్‌కి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ లేకుండా తిరిగి రావద్దు.

అక్కడ దిగాక వీడియోవాళ్లను ముప్పుతిప్పలు పెట్టేది కరెంటు. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అమెరికాది 120, 60. కెమెరా చార్జర్ల మీద 100-240 అని ఉంటుంది కాబట్టి ప్లగ్ అడాప్టర్ చాలు. 220 మాత్రమే రాసి ఉన్న స్టూడియో ఫ్లాష్ అక్కడ సరిగా చార్జ్ అవదు, మోసుకెళ్లడం దండగ. అసలు తంటా హాల్లో లైట్లతో. అక్కడ మామూలు ట్యూబ్ లైటు సెకనుకు 120 సార్లు మినుకుతుంది. మన అలవాటు ప్రకారం 1/50 షట్టర్ పెడితే ఒక్కో ఫ్రేములో రెండున్నర మినుకుల లోపు పడతాయి, ఫ్రేముకీ ఫ్రేముకీ వెలుగు మారి వీడియోలో నల్లటి పట్టీలు కదులుతాయి. 1/60 పెడితే ప్రతి ఫ్రేములో సరిగ్గా రెండు పడతాయి, పట్టీలు పోతాయి. కెమెరా ‘పాల్’ (మన దగ్గరి వీడియో పద్ధతి)లో సెకనుకు 25 ఫ్రేముల మీదున్నా 1/60తో నడిచిపోతుంది. అమెరికా పద్ధతి అయిన ఎన్‌టీఎస్‌సీకి మార్చాలనుకుంటే మెమరీ కార్డు ఖాళీగా ఉన్నప్పుడే మార్చండి. కొన్ని సోనీ మోడళ్లు కార్డు ఫార్మాట్ చేయమంటాయి. టీములో ఒకరు 25, ఇంకొకరు 30 పెట్టారో, ఎడిటింగ్‌లో కదలికలు కుదుపుగా వస్తాయి. జపాన్ మరీ విచిత్రం: టోక్యోలో 50, ఒసాకాలో 60.

ఇన్సూరెన్స్ ఉంటే పాలసీలో భౌగోళిక పరిధి చదవండి, చాలావాటిలో ఇండియా మాత్రమే అని ఉంటుంది. కారులో వదిలేసిన సామాను పోతే డబ్బు రాదన్న నిబంధన ఉందేమో కూడా చూడండి. శాన్ ఫ్రాన్సిస్కోలో కారు అద్దాలు పగలగొట్టడం మామూలు.

రోహిణి కార్తెలో తిరిగొస్తుంటే ఏసీ చల్లదనం నుంచి నేరుగా ఎండలోకి కెమెరా తీయకండి, అద్దం లోపల తేమ పడుతుంది. సంచి జిప్ మూసి గంటసేపు అలాగే ఉంచండి. అక్కడ కొత్త లెన్సు కొని పరిమితి దాటితే కస్టమ్స్ రెడ్ చానెల్ (సుంకం పడే సామాను చూపించే దారి)లోకి వెళ్లి బిల్లు చూపించండి. పాత సామాను సర్టిఫికెట్ అదే చేతిలో ఉంటే కొత్తదాని వరకే సుంకం పడుతుంది.