నీళ్లు కారే కంటికి పొడి జబ్బా!

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో పద్దెనిమిదేళ్లుగా గుమాస్తాని. మాకు కళ్లు మండటం వింతేం కాదు. సీజన్లో మిర్చి బస్తాలు, అదే మా టిక్కీలు, దిగుతున్నంత కాలం గాలంతా ఘాటే. కానీ పోయినేడు యార్డుకి వేసవి సెలవులిచ్చాక కూడా నా కళ్ల మంట తగ్గలేదు. రెప్ప కింద ఇసుక పడ్డట్టు గరగర. కంప్యూటర్లో లెక్కలు కొడుతుంటే సాయంత్రానికి అంకెలు మసకబారేవి, రెండుసార్లు రెప్పలార్పితే మళ్లీ తేటపడేవి. బండెక్కితే చాలు, నీళ్లు ధార.

ముందు చేసింది తెలివితక్కువ పనే. మందుల షాపు కుర్రాణ్ణి అడిగితే ఎరుపు పోయే చుక్కలిచ్చాడు. వేసుకున్న పది నిమిషాల్లో కళ్లు తెల్లగా మెరిసేవి. సాయంత్రానికి అంతకు రెట్టింపు ఎర్రబడేవి. మళ్లీ వేసేవాణ్ణి. రెండు వారాలు పోయాక "ఇది ఇంకా బాగా పనిచేస్తుందన్నా" అని ఇంకో సీసా ఇచ్చాడు. మా అమ్మాయి దాని మీద పేరు ఫోన్లో చూసి, "ఇది స్టెరాయిడ్ నాన్నా, డాక్టరు చెప్పకుండా వేసుకుంటే కంట్లో ప్రెజర్ పెరుగుతుందట" అని లాక్కుంది. మర్నాడే కళ్లాసుపత్రికి తీసుకెళ్లింది.

అక్కడ కింది రెప్ప అంచున సన్నటి కాగితపు పట్టీ తగిలించి, కళ్లు మూసుకుని అయిదు నిమిషాలు కూర్చోమన్నారు. తడి ఎంతవరకు పాకిందో కొలుస్తారు. పది మిల్లీమీటర్లు దాటితే మంచిది. నాకు కుడికంటికి ఆరు, ఎడమకంటికి నాలుగు. తర్వాత పసుపు రంగు వేసి నీలి దీపంలో చూశారు. కన్నీటి పొర నాలుగు సెకన్లకే చిట్లిపోతోంది, ఇది పొడి కంటి జబ్బు అన్నారు. కంటి ప్రెజర్ కూడా చూశారు, అది మామూలుగానే ఉంది. అప్పటికి ఊపిరి పీల్చుకున్నాను.

"నీళ్లు కారుతుంటే పొడి అంటారేంటమ్మా?" అని అడిగాను. డాక్టరమ్మ నవ్వింది. పొర నిలవక కన్ను ఎండి మండితే, ఆ మంటకి ఒక్కసారిగా నీళ్లు ఉబుకుతాయట. అవి ఉత్త నీళ్లు, జిడ్డూ జిగురూ లేక నిలవవు, కారిపోతాయి. స్క్రీన్ ముందు కూర్చుంటే రెప్పలార్పడం తగ్గిపోతుందనీ చెప్పింది. ఇంకా ఏమేం మందులు వాడుతున్నారని ఆరా తీసింది. తుమ్ములకి రోజూ రాత్రి సెట్రిజిన్ వేసుకుంటానన్నాను. "అది కూడా కళ్లని ఎండబెడుతుందండీ" అంది. మిర్చి మీద వేసిన నింద సగం ఆ బిళ్ల మీదికి పోయింది.

కన్నీళ్లలా కంటిని తడిపే కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ 0.5 శాతం చుక్కలు రాసిచ్చింది, రోజుకి నాలుగుసార్లు. రాత్రికి చిక్కటి జెల్ చుక్కలు. అవి వేశాక చూపు కాసేపు మసగ్గా ఉంటుంది, బండి ముట్టుకోవద్దంది. పగటి చుక్కలు ఆరుసార్లకు మించి కావాల్సొస్తే ఊరికే పెంచేయకుండా చెప్పమంది. సీసాలో చుక్కలు పాడవకుండా కలిపే మందు ఎక్కువైతే అదే కంటిని గీరుతుందట, అప్పుడు ఒక్కసారి వాడి పారేసే చిన్న గొట్టాలకి మారాలి.

ఇంటికొచ్చాక మొదటి చుక్క ముక్కు మీద, రెండోది చెంప మీద. మా అమ్మాయి మంచం మీద పడుకోబెట్టి నేర్పింది. కింది రెప్పని వేలితో లాగితే చిన్న జేబులా తెరుచుకుంటుంది. పైకి చూస్తూ ఆ జేబులో ఒక్క చుక్క. రెండోది వేసినా కంట్లో చోటుండదు, బయటికే పోతుంది. కళ్లు మెల్లగా మూసి, ముక్కు పక్కనుండే కంటి మూలని ఒకట్రెండు నిమిషాలు నొక్కి పట్టుకోవాలి. సీసా మూతి రెప్పకీ వెంట్రుకకీ తగలకూడదు. 2023లో అమెరికాలో కలుషితమైన కంటిచుక్కలతో సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా సోకినవాళ్లలో 14 మందికి చూపు పోయింది, నలుగురు చనిపోయారు. అది చదివినప్పట్నుంచి మూత తీసి బల్ల మీద పెట్టాలన్నా భయమే.

చేతులు కడుక్కోమని అందరికీ చెబుతారు. మాకది ఇంకో లెక్క. సెలవులైపోయి కొట్టు తెరిచిన రోజు, శాంపిల్ కాయలు విరిచి చూశాక సబ్బుతో కడుక్కునే వేసుకున్నాను. రెప్ప లాగిన వేలు ఎక్కడ తగిలిందో అక్కడ నిప్పంటుకుంది. అరగంట చన్నీళ్లు కొట్టుకుంటూనే ఉన్నాను. మా ఆవిడ ఫోన్లో తిట్టింది: "కారం దంచిన చేతికి కొబ్బరినూనె రాయాలని తెలీదా అండీ?" నిజమే, ఆ ఘాటు నూనెకి కరుగుతుంది, నీళ్లకి కాదు. ఇప్పుడు ముందు నూనె, తర్వాత రెండుసార్లు సబ్బు, ఆ తర్వాతే సీసా.

సీసా మీద ఎక్స్‌పైరీ ఎంత దూరంగా ఉన్నా, మూత తెరిచిన నెలకి పారేయాలట. అందుకే తెరిచిన తేదీ మార్కరుతో రాస్తాను. స్కూటర్ డిక్కీలో పెట్టను, మే నెలలో అందులో కాఫీ కాచుకోవచ్చు. పక్క కొట్టు కుర్రాడు "ఒక్క చుక్క వెయ్యి బాబాయ్" అని కన్ను చాపాడు. నా సీసా ఇవ్వలేదు. కన్ను నొప్పిగా ఉందీ, వెలుతురు చూడలేకపోతున్నానూ అన్నాడు. అది చుక్కలతో పోయే సంగతి కాదని అప్పటికప్పుడు ఆసుపత్రికి పంపాను.

రెండు నెలలకి గరగర చాలావరకు పోయింది. డాక్టరమ్మ సెట్రిజిన్ కూడా మాన్పించింది, దాంతో తుమ్ములు మాత్రం తిరిగొచ్చాయి. వాటికి ముక్కు డాక్టర్ని కలవమంది.